హాజరు పట్టీ

రికార్డు రూములో దొరికింది.
చెదలు ఒక మూల తిని
రుచి నచ్చక వదిలేసినట్టుంది.
గుడ్డ అట్ట, పురికొస తాడు,
"రాత్రి హాజరు, యానాదులు."
పేరు, తండ్రి పేరు, గుడిసె నంబరు,
చివరి గడిలో బొటనవేలు.
రాత్రికొక ముద్ర.
దొంగతనం చేశారని కాదు,
చేస్తారేమోనని.

సబ్ కలెక్టరమ్మ చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత, "వాళ్ళ ముందే కాల్చేద్దాం" అంది.
గిరిజనులతో సయోధ్య వారమని
అప్పటికే సర్క్యులరొచ్చి ఉంది.
బ్యానరు తిరుపతిలో అచ్చయింది,
సయోధ్యలో ధ కింద ఒత్తు పడలేదు.
ఎవరూ చూడలేదు.

ఏర్పేడు దాటాక స్వర్ణముఖి ఇసకలో
జీపు రెండుసార్లు దిగబడింది.
తోసింది వాళ్ళే.

కాలనీ అంటే ఇరవై మూడు నీలం పట్టలు.
పట్టాలడిగిన వాళ్ళకి
పోయిన తుఫానులో మేమిచ్చిన పట్టలు.
పట్టాల ఫైలు ఫారెస్టోళ్ళ దగ్గరుంది,
ఇవాళ కూడా అక్కడే ఉంది.

షామియానా, అద్దె కుర్చీలు, నీళ్ళ సీసాలు.
వాళ్ళు కుర్చీల వెనక నేలమీద కూచున్నారు.
నేను టైపు చేసిచ్చిన కాగితంలో
"ప్రభుత్వం విచారం వ్యక్తం చేయుచున్నది" అని ఉంది.
ఆమె దాన్ని మడిచి
"తప్పయిపోయింది" అంది.
ఒక ముసలాయన పక్కవాణ్ణి అడిగాడు:
"ఎవురిదంట?"

కిరసనాయిలు సీసా మూత తీశారు.
అప్పుడు లేచింది మానికల చెంగమ్మ.
"ఉండు తల్లీ.
దాంట్లో మా నాయన ఉండాడేమో చూడనీ.
కుడి బొటనేలు సగమే ఉంటాది.
ఎలక బొరియలో చెయ్యి పెడితే పాము పట్టింది,
తనే కత్తితో కొట్టేసుకున్నాడు."

పేజీలు తిప్పాను.
గుడిసె తొమ్మిది. మానికల పోలయ్య.
గడి గడికీ సగం వేలు,
నెల పొడుగునా
పెరగని తరగని అర్ధచంద్రుడు.

ఆమె తన వేలు దానిమీద పెట్టింది.
"ఫొటో దిగలేదు మా నాయన.
ఆధారు కార్డు రాకముందే పాయె.
మీకిది దొంగల బుక్కు తల్లీ.
మాకు ఈయన ఇంకేడా లేడు.
కాల్చబాకండి."

సీసా మూత ఎవరు పెట్టారో చూడలేదు.
నేను ఆ పేజీలోనే ఉన్నాను.
ఒక గడిలో వేలు లేదు, ఎర్ర సిరా ఉంది.
"ఇదేంది సామీ?"
"గైరుహాజరు" అని చదివాను.
"వానొచ్చుంటాది. ఏరు దాటలేకపోయుంటాడు."
కొంచెం ఆగి,
"ఇంకా రాసుండాదే.
చదువు రాదుగానీ, సిరా ఎంతుందో కనపడతాది గదా."

ఆరు దెబ్బలు.
చదివాను.

ఆ రాత నాకు తెలుసు.
ఆ అక్షరం తోక కుడికి వాలి కొంచెం పైకి లేస్తుంది.
మా ఇంట్లో చదివింపుల పుస్తకం నిండా అదే తోక,
మా నాయన పుట్టిన ఘడియ పక్కనా అదే తోక.
ఊరికి మునసబు, మా జేజినాయన.
మజ్జిగలో ఉప్పు ఎక్కువైతే
జేజిని ఒక్క మాటనేవాడు కాదంటారు.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు.
షామియానా గుంజకి ఆనుకున్నాను.
"రాసింది మా జేజినాయన" అన్నాను.
మైకు ఆపేసే ఉంది, అయినా అందరికీ వినపడింది.

రిజిస్టరు సర్కారు ఆస్తి.
అప్పగిస్తే ముట్టినట్టు రసీదు కావాలి.
అలవాటుగా ఇంకుప్యాడు తీశాను.
ఆ నల్లటి మెత్త చూసి
మళ్ళీ సంచిలో పడేశాను.
తొమ్మిదో తరగతి మనవరాలు నాగవల్లి
నా పెన్ను తీసుకుని
పొడుగ్గా, ఇంటిపేరుతో సహా సంతకం చేసింది.

జీపు మళ్ళీ దిగబడింది.
ఈసారి నేనూ దిగి తోశాను.
నా పక్కన భుజం ఆనించిన చెంగమ్మ
ఊపిరి తీసుకుంటూ అడిగింది:
"మీ జేజినాయనది ఫొటో ఉండాదా?"
ఉంది. హాల్లో, గంధపు దండేసి.
"ఒకసారి ఎత్తకరా సామీ.
దినామూ ఎవురి ముందర వేలు పెట్టినాడో
మా నాయన,
ఆ మొకం చూస్తా."